అనిశ్చిత నిరీక్షణ: ఒక నైతిక పరిశీలన

గర్భాశయం వెలుపల, ఎక్కువగా అండవాహికలో, ఏర్పడిన గర్భం నిలవదు. నొప్పి లేకుండా, రక్తంలో హెచ్‌సీజీ హార్మోన్ తక్కువగా ఉండి తగ్గుతున్నప్పుడు వైద్యులు కొందరికి మందు గాని శస్త్రచికిత్స గాని లేకుండా, పదేపదే రక్తపరీక్షలు చేస్తూ వేచి చూస్తారు. అంకె తగ్గుతున్నా అండవాహిక చిట్లే ప్రమాదం పూర్తిగా తొలగదు.

'నిరీక్షణ' అనగానే ఒక రాక స్ఫురిస్తుంది. ఇక్కడ స్త్రీ ఎదురుచూసేది పోవడానికి. ఊరటనిచ్చే అంకే దుఃఖాన్నీ తెస్తుంది. ఆదిపర్వంలో గాంధారి ఓపిక నశించి తన కడుపును తానే మోదుకొన్నది. అందులో అసూయ ఒక్కటే చూడటం చాలదు. ఎంతకూ తేలని నిరీక్షణ వేదన కూడా ఉన్నది.

తిమ్మాజిపేట మండలంలోని స్త్రీకి 'వేచి చూద్దాం' అన్న మాటలో దూరం కూడా కలుస్తుంది. అర్ధరాత్రి నొప్పి వస్తే శస్త్రచికిత్స జరిగే చోటికి ఎంతసేపట్లో చేరగలదు? ఈ లెక్క చెప్పకుండా కోరిన ఓర్పు సమ్మతి కాజాలదు. శస్త్రచికిత్సే కావాలని ఆమె అంటే అది అధైర్యమూ కాదు. ఆ వారాలు నాగర్‌కర్నూల్‌లో చుట్టాలింట ఉండగలిగిన స్త్రీ వినే సలహా వేరు, పొలం పనీ పిల్లలనూ విడిచి రాలేని స్త్రీ వినే సలహా వేరు.