ప్రాణం ఎవరి సొత్తు?

కొండ ఎక్కి చనిపోయిన వాని ఆత్మ కొరకు పూజ చెప్పించవచ్చునా? తెలిసి తెలిసి ప్రాణాన్ని అపాయంలో పెట్టుకోవటం ఆత్మహత్యతో సమానం కాదా? మల్లి మస్తాన్ బాబు పేరు వచ్చినప్పుడల్లా మన విచారణలలో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. అడిగేవారు ఎగతాళికి అడగటం లేదు గనుక ఓపికగా ఆలోచించవలసిన ప్రశ్నే ఇది.

మస్తాన్ బాబు మన పొరుగువాడు. 1974లో నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీ జనసంఘం గ్రామంలో పుట్టాడు. (మస్తాన్ అన్న పేరు విని సాహెబుగారనుకోకండి. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలలో దర్గాకు మొక్కుకొని హిందువులు కూడా బిడ్డలకు ఆ పేరు పెట్టుకొంటారు. ఇది మన నేలకున్న ఒక మంచి గుణం.) కోరుకొండ సైనిక్ స్కూలులో చదివాడు. అదే బడిలో చదివిన లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు 1985లో సైన్యం జరిపిన ఎవరెస్టు యాత్రలో మరణించారు. ఆయన జ్ఞాపకమే ఈ పిల్లవాని మనస్సులో కొండల మీద మోజు పుట్టించింది. తరువాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటిలో ఎం.టెక్., కొంతకాలం సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, కలకత్తా ఐఐఎంలో చదువు. మన పల్లెల్లో తల్లిదండ్రులు ఏ చదువుల కొరకు పొలం తాకట్టు పెడతారో ఆ చదువులన్నీ చదివాడు. చదివి, కొండలకు వెళ్ళిపోయాడు.

2006 జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్ శిఖరం. ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలో కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోషియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఐరోపాలో ఎల్బ్రస్, జూలై 10న ఉత్తర అమెరికాలో డెనాలి. ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు, 172 రోజులు. క్యాలెండరు తీసి చూడండి, అవి వారంలోని ఏడు వేర్వేరు రోజులు. ఎవరెస్టు ఎక్కింది ఆదివారంనాడు. అంతకుముందు అంత త్వరగా ఆ పని చేసినవారు లేరు.

మైదానంవారికి ఇది అంతుపట్టదు. మనకు కొండ అంటే మొక్కుబడి. ఫిబ్రవరిలో గుణదల మరియమాత కొండ మీది సిలువ దాకా మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా ఎక్కుతారు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టుకొని పోతారు. ఎక్కటానికి అక్కడ ఒక కారణం ఉంది, పైన ఒకరు ఉన్నారు. పైన ఎవరూ లేని మంచుకొండను, దిగి రావటానికే ఎక్కటం దేనికి?

శ్రీసభ బోధ ఏమిటో చూద్దాం. ప్రాణం మన సొత్తు కాదు. ఇచ్చినవాడు దేవుడు, మనం గృహనిర్వాహకులం మాత్రమే. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం ఈ సంగతిని 2280వ పేరాలో చెబుతుంది. ఇంకొంచెం ముందుకు పోతే, 2289వ పేరాలో శరీరాన్నీ ఆటలలో విజయాన్నీ విగ్రహాలుగా చేసికొనవద్దన్న హెచ్చరిక ఉంది. 2290లో తాగిగాని, వేగం మీది మోజుతోగాని తమకూ ఇతరులకూ ప్రమాదం తెచ్చేవారి దోషం పెద్దదని ఉంది. వేగం! కొండలెక్కేవాడి మీద తీర్పుకు ఈ ఒక్క మాట చాలదా అనిపిస్తుంది. సువార్త కూడా అటే మొగ్గుతున్నట్లుంటుంది. శోధకుడు యేసు ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించటానికి ఒప్పుకొనలేదు.

అయితే ఆ శోధనలో ఉన్నది ఎక్కటం కాదు, దూకటం. ఆత్మహత్య చేసికొనేవాడు చావును కోరుకొంటాడు. కొండ ఎక్కేవాడు దిగి రావటాన్ని కోరుకొంటాడు. అందుకే తాళ్ళు, మేకులు, నెలల తరబడి అభ్యాసం. రెంటినీ ఒకే గాట కట్టటం వేదశాస్త్రం కాదు, తొందరపాటు. పదకొండవ పయస్ పోపుగారు గురువుగా ఉన్నప్పుడు, అకిల్లె రాత్తి అన్న పేరుతో, ఆల్ప్స్ పర్వతాలలో పేరున్న ఆరోహకులు. 1889 జూలైలో, తమ 32వ ఏట, మకున్యాగా వైపునుండి మోంటే రోసా ఎక్కారు. శిఖరానికి దగ్గరలో చీకటి పడితే ఇరుకైన రాతి అంచున రాత్రంతా గడిపారు. నిజమైన పర్వతారోహణ దుడుకుతనం కాదనీ, వివేకానికి కొంచెం ధైర్యం తోడైతే అదేననీ ఆయన అభిప్రాయం. పోపు అయిన మరుసటి సంవత్సరం, 1923లో, మెంతోన్ పునీత బెర్నార్డుగారిని పర్వతారోహకుల పాలకునిగా ప్రకటించారు. పాపమే అయితే పాలక పునీతుడెందుకు?

ఇక వేగం. మన రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు, 'అదను' అన్న మాట ఆయనకు తెలుసు. నల్లరేగడిలో వాన పడి పదును ఆరేలోపల పత్తి గింజ పడాలి. ఆ రెండు రోజులు తెల్లవారుజామునుండి పరుగెత్తే రైతును చూచి వేగం మోజు అని ఎవరూ అనరు. కొండకూ అదను ఉంది. రాత్రి గడ్డకట్టిన మంచు రాళ్ళను పట్టి ఉంచుతుంది, ఎండ పొడిచాక వదిలేస్తుంది. త్వరగా దాటినవాడు అపాయం కింద తక్కువసేపు ఉంటాడు. ఎవరెస్టుకు పోయేవారు ఫలానా గంటకు శిఖరం అందకపోతే వెనుదిరగాలని ముందే నిర్ణయించుకొంటారు. మస్తాన్ బాబు 172 రోజులు కూడా చాలావరకు ఇటువంటివే: ఏ ఖండంలో ఏ నెలలో అదను, ఎక్కడనుండి ఎక్కడికి ప్రయాణం, డబ్బు ఎలా అన్న లెక్క. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం ఇక్కడ నాకు గుర్తుకు వస్తుంది.

గడియారంతో పరుగెత్తే వేగం మాత్రం వేరు. స్విట్జర్లాండులోని ఐగర్ పర్వతపు ఉత్తర ముఖాన్ని 1938లో మొదటిసారి ఎక్కిన నలుగురికి నాలుగు రోజులు పట్టింది. ఊలి స్టెక్ అన్న స్విస్ ఆరోహకుడు 2008లో ఒంటరిగా 2 గంటల 47 నిమిషాలలో ఎక్కాడు. ఆ రికార్డును మరొకడు తగ్గించాడు. స్టెక్ 2015లో మళ్ళీ వచ్చి 2 గంటల 22 నిమిషాలకు దించాడు. 2017 ఏప్రిల్ 30న ఎవరెస్టు పక్కనున్న నుప్చే మీదనుండి పడి మరణించాడు. ఆయన నేర్పును శంకించేవారు లేరు. ఆ 25 నిమిషాలు ఎవరి కొరకు అన్నది మాత్రం అడగవచ్చు. మస్తాన్ బాబు 172 రోజులూ నిలవలేదు. 2018లో ఆస్ట్రేలియావాసి స్టీవ్ ప్లెయిన్ 117 రోజులలో పూర్తి చేశాడు. దాన్నీ ఒకరు తగ్గిస్తారు.

ధైర్యంలో ప్రధానమైనది మీద పడటం కాదు, ఓర్చుకొని నిలబడటం అని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. దుడుకుతనాన్ని ఆయన పిరికితనం పక్కనే, ధైర్యానికి విరోధిగా ఉంచారు. నజరేతువారు తమను కొండకొమ్ము మీదనుండి తోయబోయినప్పుడు యేసు వారి మధ్యనుండి దాటి వెళ్ళిపోయారు. ఆ తరువాత కల్వరి కొండ ఎక్కినదీ ఆయనే. గడియ రానప్పుడు తప్పుకోవటం, వచ్చినప్పుడు నిలబడటం, రెండూ ధైర్యమే.

మస్తాన్ బాబు మీద నాకున్న అభ్యంతరం ఒక్కటే, ఒంటరితనం. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒక్కడే వెళ్ళాడు. దాని ఎత్తు 6,748 మీటర్లు. తిరిగి రాలేదు. శవం ఏప్రిల్ మొదటి వారంలో కనబడింది. ఏప్రిల్ 25న సొంత ఊరిలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. సరిగ్గా ఆ రోజే నేపాలులో భూకంపం వచ్చి ఎవరెస్టు అడుగున ఉన్న ఆరోహకుల గుడారాల మీద మంచు విరుచుకుపడింది. మార్చి 24కూ ఏప్రిల్ 25కూ మధ్య ఆ ఇంట్లో తల్లి ఎలా గడిపిందో తలచుకోండి. వెదకటానికి ఎగిరిన విమానాలవారూ, మంచులో నడచినవారూ తమ ప్రాణాలు ఒడ్డారు. నా ప్రాణం నా ఇష్టం అనేవాడు ఈ మనుషులను లెక్కలోకి తీసికోడు. నాకు తోచినంతలో, సత్యోపదేశం 'తమకూ ఇతరులకూ' అనటంలో రెండవ మాటే బరువైనది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలో మంచు కూలి 16 మంది చనిపోయారు. వారంతా కూలికి ఇతరుల సామాను, తాళ్ళు మోసే నేపాలీ పనివారు.

కూలికి చావు మోసేవారు మనకు దూరమేమీ కాదు. ముక్కుకు గుడ్డయినా లేకుండా మిరపచేలో పురుగుమందు కొట్టే మనిషిని పెద్ద కొండ ఎక్కుతున్నావని ఎవరూ పొగడరు, ఎందుకీ తెగింపు అని మందలించరు. కౌలుకు తీసికొని, అప్పు తెచ్చి, ధర ఎంత పలుకుతుందో తెలియని పంట మీద ఇల్లంతా ఒడ్డేవాడి తెగింపు ఏ రికార్డుకూ ఎక్కదు. 1997-98లో పత్తి దెబ్బతిన్నప్పుడు వరంగల్లులోనూ మన గుంటూరు జిల్లాలోనూ ఎందరు రైతులు ప్రాణాలు తీసికొన్నారో పెద్దవారికి గుర్తుంది. అటువంటి ఇళ్ళ ముందు, పాపం చేశాడు, వీనికి పూజ లేదు, భూస్థాపన లేదు అని గొణిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అది పాత మాట. 1917 నాటి శ్రీసభ చట్టంలో ఆ నిషేధం ఉండేది. 1983 చట్టంలో అది లేదు. తీవ్రమైన భయం, మనోవేదన మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, అటువంటివారి రక్షణను గూర్చి ఆశ వదలకూడదని, వారి కొరకు శ్రీసభ ప్రార్థిస్తుందని సత్యోపదేశం స్పష్టంగా చెబుతుంది. చావాలని చనిపోయినవారి కొరకే ప్రార్థిస్తున్నప్పుడు, బ్రతకాలని వెళ్ళి చనిపోయిన మస్తాన్ బాబు కొరకు పూజ చెప్పించటానికి సందేహమేమిటి? మతం వేరైనా చెప్పించవచ్చు.

ఇక పిల్లల సంగతి. 2014 మే 25న తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయస్సులో ఎవరెస్టు ఎక్కింది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. భువనగిరి బండ మీద అభ్యాసం మొదలుపెట్టిన పిల్ల. నేపాలువైపు 16 ఏళ్ళు నిండాలన్న నియమం ఉంది గనుక టిబెట్టువైపునుండి వెళ్ళారు. ఆమెను తలచుకొంటే గర్వంగా ఉంటుంది. పంపిన పెద్దల నిర్ణయాన్ని మాత్రం మెచ్చుకోలేను. ప్రాణాన్ని ఒడ్డటానికి సమ్మతి ఇచ్చే వయస్సు 13 కాదు. హాస్టలు గదిలో ర్యాంకు కొరకు రాత్రింబవళ్ళు పరుగెత్తించే వయస్సు 16 కూడా కాదనే నా అభిప్రాయం, కాని దాన్ని గూర్చి మరొకసారి.

కొడుకు కొండలెక్కే శిక్షణకు పోతానంటున్నాడు, పంపమంటారా అని ఏ తండ్రి అయినా అడిగితే, వాడు ఈడు వచ్చినవాడైతే పంపమనే అంటాను. పంపేముందు వాణ్ణి ఒక మాట అడగండి: శిఖరం కంటి ముందు కనబడుతుండగా, వేళ మించింది గనుక, వెనుదిరిగి రాగలవా?