నివురు కింద నిప్పు



పుష్యమాసపు చలిలో రాయ్‌పూర్ వీధుల్లో ఇంటి ముందు మట్టి కుంపటి కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢీలో దాన్ని గోరసి అంటారు. చుట్టూ నలుగురు చేరి చేతులు కాచుకుంటుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆరుబయట ఉన్నంతసేపూ అది చుట్టమే.

రాత్రి చలి ముదిరాక అదే కుంపటిని గదిలోకి తెచ్చి, తలుపులు బిగించి పడుకుంటే? పొగ లేదు కదా అనుకుంటాం. కానీ గాలి చాలక సరిగా మండని బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత... నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు.

ముక్కు పసిగట్టలేని ఈ వాయువును పసిగట్టి కూతపెట్టే చిన్న అలారం ఉంది. పడకగది దగ్గర పెట్టి, నెలకోసారి బటన్ నొక్కి చూడాలి. అలారం ఉంది కదా అని కుంపటిని మాత్రం లోపలికి తేకూడదు. ఎవరికైనా తల తిరిగితే అందరూ వెంటనే బయటికి వచ్చి 108కి ఫోన్ చేయాలి.

నివురుగప్పిన నిప్పు అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ రాత్రి కుంపటి గడప బయటే ఉండనివ్వండి. లోపలికి మరో దుప్పటి తెచ్చుకోండి.