టైల్స్ కిందికి పోయే డబ్బు

పై గదికి టైల్స్ వేయించాలనుకున్నప్పుడు నాకు మొదట తట్టింది రంగు. తర్వాత, పండక్కి వచ్చే బంధువుల మొహాలు. గది దేనిమీద నిలబడి ఉందన్న సంగతి తలపులోకే రాలేదు. మా రొద్దం వైపు పాత మిద్దెల్లో గోడ నుంచి గోడకు దూలం, దానిమీద దంతెలు, వాటిమీద చెక్కలు, ఆపైన దిమ్మిస కొట్టిన మట్టి. పైన పిల్లలు గంతులేస్తే కింద అన్నం తినేవాడి కంచంలో దుమ్ము రాలుతుంది.

బేల్దారికి ఏ సందేహమూ లేదు. కింది గదుల్లో తాడిపత్రి బండలు ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నాయి, పైనా అంతే అన్నాడు. మట్టి తీసేసి రెండంగుళాల మాలు పరిచి టైల్ తట్టేస్తే సరి. "కిందిది ఎవురు సూస్తారు సామీ?" ఆ మాట నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

కట్టె మాత్రం ఊరుకోదు. వానలు పట్టినప్పుడు మా వీధి తలుపు గడపకు బిగుసుకుంటుంది, ఎండలకు వదులవుతుంది. చెక్క పొడవులో పెద్దగా మారదు, వెడల్పులో ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. టైల్ అలా సర్దుకోలేదు. తడి మాలు నేరుగా పడితే చెక్క ఆ నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరాక మాలును వదిలేస్తుంది. రెండంగుళాల మాలంటే చదరపు మీటరుకు 100 కిలోల బరువు కూడా.

మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ ఇళ్లు చాలావరకు కట్టెవే కాబట్టి వాళ్లకు దీనికో లెక్క ఉంది. మామూలు టైల్‌కైతే నేల వంగుడు దంతె పొడవులో 360వ వంతు దాటకూడదు, సహజ రాయికైతే 720వ వంతు. 12 అడుగుల దంతె 10 మిల్లీమీటర్లు వంగితే అదే ఎక్కువ. చెక్కలను మేకులతో కాదు, స్క్రూలతో దంతెలకు బిగించాలి. పైన వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, ముక్కకూ ముక్కకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు, గోడవార ఇంకాస్త. దానిమీద సిమెంటు బోర్డు. బోర్డు జిగురు పట్టడానికే. గట్టిదనం దంతెల్లోంచి రావాలి.

వింటుంటే నాలో లేచింది లోభం. ఈ ఖర్చులో ఒక్క రూపాయీ ఎవరి కంటికీ ఆనదు. టైల్ ధర దగ్గర దొరలా తలూపినవాణ్ణి, హిందూపురం అంగట్లో స్క్రూల డబ్బాకు గీచిగీచి బేరమాడాను. ఈ బుద్ధి ఈ గదితో పుట్టింది కాదు. వాకిట్లో గ్రానైట్ మెట్లకు సంతోషంగా ఇచ్చాను, మరుగుదొడ్డి పైపుకు మాత్రం చవకది వెతికాను.

దీనికంటే చెప్పుకోవడం కష్టమైనది ఇంకొకటి ఉంది. "ముందు చెక్కలు లేపి చూడన్నా" అని తమ్ముడు ఎన్నిసార్లన్నా దాటవేస్తూ వచ్చాను. చెదలు పట్టాయేమోనన్న అనుమానం నాకు ముందునుంచీ ఉంది. లేపితే తెలిసిపోతుంది, తెలిస్తే నాన్న కట్టించిన మిద్దెను నా చేతులతో విప్పాలి. టైల్స్ మీద అంత మోజు మెరుపు కోసం కొంతే. మిగతాదంతా ఆ అనుమానాన్ని పూడ్చేయడానికే.

మొన్న గోడవార మట్టి తీయించి ఒక చెక్క లేపించాను. దంతె గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్ అర అంగుళం లోపలికి పోయింది. మధ్యలో ఎక్కడ గుచ్చినా దిగలేదు. పక్కన కొత్త కట్టె జోడించి, చివర గోడలో కూర్చోబెట్టి బోల్టులు వేయొచ్చన్నాడు వడ్రంగి ఆచారి. మిగతా దంతెల చివర్లు కూడా చూడాలన్నాడు. టైల్స్ అంగడికి ఫోన్ చేసి సరుకు ఇప్పుడే పంపొద్దన్నాను.