ఆగిన బండి చప్పుడు చేస్తే

బిడ్డా,

కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి కారు ఇంటికి తెచ్చుకున్నవని మీ బాపు చెప్పిండు. మస్తు సంతోషం. ఇచ్చోడల నువ్వు కిరాయికుంటున్న ఇంటి ముందట ఆ కారు పొద్దుగూకినంక ఏదో చప్పుడు చేస్తున్నదని, ఇంజన్ బంద్ చేసి ఇంట్లకు వచ్చినంక కూడ ఆగుతలేదని, నీకు నిద్ర పడుతలేదని కూడ చెప్పిండు. నడిచే బండి చప్పుడు చేస్తే ఎవలకూ బుగులు కాదు. ఆగిన బండి చప్పుడు చేస్తేనే బుగులైతది.

ఆ బుగులుకు కొందరు తెల్లారంగనే షెడ్డుకు ఉరికి, మెకానిక్ ఏది మార్చుమంటే అది మార్పిచ్చుకొని పైసలు పోగొట్టుకుంటరు. ఇంకొందరు ‘అదే పోతదితీ’ అని వదిలేస్తరు. నేను చెప్పేది ఒక్కటే. చప్పుడుకు పేరు పెట్టకముందు దాన్ని నిమ్మళంగ విను. వినేటప్పుడు ఒక వరుస పెట్టుకో: మొదలు ప్రాణం, తర్వాత మంట, ఆఖరుకు మిషిని.

ప్రాణం మొదలెందుకంటే, ఆగిన కారు లోపల దబదబమన్నది మిషిని కాకపోవచ్చు. 2025 ఏప్రిల్‌ల చేవెళ్ల మండలం దామరగిద్దల ఇద్దరు చిన్న ఆడపిల్లలు ఆడుకుంట ఆగి ఉన్న కారెక్కి, తలుపులకు లాక్ పడి, ఊపిరాడక పోయిండ్రు. నెల తిరిగేసరికి మే నెలల విజయనగరం దగ్గరి ద్వారపూడిల నలుగురు పిల్లలు అట్లనే పోయిండ్రు. అద్దాలన్నీ ఎత్తి ఉంటే లోపలి కేక బయటికి సరిగ్గ వినరాదు. ఎండల నిలబెట్టిన కారు లోపల మొదటి పది నిమిషాలకే దాదాపు పది డిగ్రీల వేడి పెరుగుతది. మన రామగుండం, జగిత్యాల, నిర్మల్ దిక్కు మే నెలల 45 డిగ్రీలు దాటే రోజులుంటయి. మరి లోపల ఎంతైతదో నువ్వే లెక్క కట్టుకో. పైగా చిన్నపిల్లల ఒళ్లు పెద్దోళ్ల ఒంటి కంటె మూడు నుంచి అయిదు రెట్లు జల్ది వేడెక్కుతది.

అందుకే కారు ఆపంగనే తాళం వేసుడు, తాళంచెవి పిల్లలకు అందకుండ పెట్టుడు అలవాటు చేసుకో. వాడకట్టుల పిల్ల కనపడుతలేదంటే బాయి కాడ, చెరువు కాడ ఎతికెటోళ్లు ఎతుకనీ. నువ్వు మాత్రం దగ్గరున్న కార్ల సీట్లు, డిక్కీలు చూడు. నీ బళ్లె పిల్లలకు కూడ ఇది నేర్పు. లోపల చిక్కుకుంటే ముందటి సీటుకు దుంకి, స్టీరింగ్ మీది హారన్ ఒత్తి పట్టుకోవాలె. చాలా కార్లకు తాళంచెవి లేకున్నా హారన్ మోగుతది, ఎర్ర త్రికోణం బటన్ ఒత్తితే లైట్లు మినుకుతయి. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి నుంచి తెరుచుకోవు, అందుకే ముందటికి రావాలె. నువ్వు బయట ఉంటే తాళంచెవి ఎతుక్కుంట నిలబడకు. ముందటి పెద్ద అద్దం పొరల అద్దం, ఎంత కొట్టినా పగుళ్లే గాని రాలదు. పిల్ల లేని దిక్కు పక్కద్దం మూలకు గట్టి ఇనుప వస్తువుతోని కొట్టు. చిన్న చిన్న ముక్కలై రాలుతది.

ఇక నోరులేని జీవాలు. ఆదిలాబాద్ చలి నీకు కొత్త గాదు. డిసెంబర్, జనవరిల కొన్ని రాత్రులు అయిదారు డిగ్రీలకు దిగుతయి. ఆగిన కారు ఇంజన్ చానసేపు వెచ్చగుంటది. పిల్లి కింది నుంచి ఎక్కి ఫ్యానుబెల్టు పక్కన ముడుచుకుంటది. పొద్దున సెల్ఫ్ కొట్టకముందు బోనెట్ మీద అరచేత్తోని రెండు దెబ్బలేసి, జరసేపు ఆగు. ఆ రెండు దెబ్బలు ఒక ప్రాణాన్ని కాపాడుతయి.

ఎలుకల సంగతి కరీంనగరోళ్లను అడుగు. కాకతీయ కాలువ కింద వరి కోతలు అయిపోంగనే పొలం ఎలుకలు ఇండ్ల దిక్కు మళ్లుతయి. రాత్రిపూట కరకర కొరికినట్టు, బరబర గీరినట్టు వినవస్తే పొద్దున బోనెట్ లేపి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడు. గడ్డి, గుడ్డపేలికలు, గింజల పొట్టు, నల్ల పెంటికలు దొరికినయంటే చప్పుడు ఎవలదో తేలినట్టే. సెల్ఫ్ కొట్టినంక మీటర్ల ఇంజన్ లైటు ఆరుతలేదంటే వైరు కూడ కొరికినయన్న అనుమానం పెట్టుకో. కారు లోపల అటుకులు, బిస్కట్ పొట్లాలు ఉంచకు. వడ్ల బస్తాల పక్కన, కట్టెల కుప్ప పక్కన బండి ఆపకు.

బుస్సుమని వినపడితే మాత్రం ఒక నిమిషం ఆలోచించు. ఏసీ వేసి నడిపి అప్పుడే ఆపినవా? డాష్‌బోర్డు వెనక నుంచి సన్నగ మొదలై, ఒకటి రెండు నిమిషాలల్ల తగ్గిపోయిందా? అయితే అది ఏసీ గొట్టాలల్ల గ్యాసు సర్దుకునే చప్పుడు, దానితోని బాధ లేదు. బండి చల్లారి గంటలైనంక, నువ్వు దగ్గరికి పోంగనే బుస్సుమన్నదంటే బోనెట్ జోలికి పోకు. కట్టె పెట్టి కెలకకు. దూరం జరిగి, చూపు అక్కడ్నే ఉంచి, అటవీ శాఖోళ్లకో పాములు పట్టెటోళ్లకో కబురు చెయ్యి.

ప్రాణం లేదని తేలినంక మంట సంగతి చూడు. నీది డీజిల్ బండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రూలు వచ్చింది. అప్పటి నుంచి వచ్చే డీజిల్ కార్లకు పొగ గొట్టం దారిల మసిని పట్టే ఫిల్టర్ ఉంటది, డీపీఎఫ్ అంటరు. మసి నిండంగనే బండి తనంతట తనే కొంత డీజిల్ ఎక్కువ పోసుకొని ఆ మసిని కాల్చేస్తది. అప్పుడక్కడ వేడి 600 డిగ్రీల దాకా పోతది. అది కాలుతుండంగ నువ్వు ఇంజన్ బంద్ చేస్తే ముందటి ఫ్యాను గుయ్యిమని తిరుగుతనే ఉంటది. కాలిన వాసనొస్తది, కింద టకటకమంటది. నిన్ను భయపెట్టింది ఇదే కావచ్చు. బడికి, సంతకు చిన్న చిన్న దూరాలే తిరుగుతవు గనుక మసి జల్ది నిండుతది. పది దినాలకొకసారి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఒక ఇరవై నిమిషాలు ఆపకుండ అరవై మీద నడుపు. మసి దారిలనే కాలిపోతది, ఇంటికొచ్చినంక లొల్లి ఉండదు.

కానీ ఆ వేడి గొట్టం కింద ఏమున్నదో చూసి ఆపాలె. ఎండాకాలం టేకాకులు మోకాలి మందం రాలి ఉంటయి. పత్తి ఏరినంక చేన్ల ఒడ్డున ఎండుకట్టె, గడ్డి ఉంటది. నీడ ఉన్నదని అడవి అంచున ఆకుల మీద బండి నిలబెడితే కింద అంటుకోవచ్చు. కవ్వాల్ దిక్కు అడవి అంటుకుంటే నీ కారుతోనే ఆగదు. మట్టి నేల చూసుకొని ఆపు.

నిర్మల్ దిక్కు పోయినప్పుడు మహబూబ్‌ఘాట్ దిగినంక చక్రాల దగ్గర చిటచిటమని, మాడిన వాసన వస్తే బ్రేకులు వేడెక్కినయని గుర్తు. ఊకె బ్రేకు మీద కాలు పెట్టకుండ రెండో గేరులనో మూడో గేరులనో దిగితే ఆ వేడి పుట్టదు. వేడి మీదున్న చక్రాల మీద నీళ్లు కొట్టకు, బ్రేకు డిస్కులు వంకర పోతయి. పక్కకు ఆపి చల్లారనీ.

బోనెట్ కింద సలసల కాగుతున్నట్టు వినపడి, ఆవిరి, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడికి అది వంద డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పంగనే ఒక్కసారి మరిగి మొఖం మీదికి చిమ్ముతది. కాబట్టి ఇంజన్ పూర్తిగ చల్లారేదాక రేడియేటర్ మూత ముట్టద్దు. ఎంత తొందరున్నా సరే. ప్లాస్టిక్ కాలిన వాసన, దానితోని చిటపట చప్పుడు వస్తే వైర్లు కలిసినట్టు. పొగ లేకుంటేనే పది నంబరు పానా పెట్టి బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదియ్యి. పొగ లేస్తుంటే అదీ వద్దు, మనుషులను దూరం జరిపి 112కు ఫోన్ చెయ్యి.

వానకాలానికి ఒక మాట. 2022 జూలైల గోదావరి పొంగి మంచిర్యాలల కాలనీలు మునిగినయి. అట్ల నీళ్లల్ల మునిగిన బండి ఒక్కోసారి తనంతట తనే హారన్ మోగిస్తది, వైపర్లు ఆడిస్తది. నీళ్లు వైర్లల్లకు చేరితే అట్ల అయితది. ‘స్టార్ట్ అయితదేమో’ అని సెల్ఫ్ కొట్టినవంటే నీళ్లు ఇంజన్లకు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగుతయి. బ్యాటరీ తీసేసి, తాడు కట్టి గుంజుకపోవాలె.

ప్రాణం లేదు, మంట లేదు అని తేలినంక మిగిలింది మిషిని. ఇక్కడ మాత్రం ధైర్యంగ ఉండు, ఎందుకంటే ఆగిన బండి చప్పుళ్లల్ల ఎక్కువ ఉట్టివే. బండి ఆపంగనే కింద వచ్చే టిక్కు టిక్కు, వేడెక్కిన ఇనుము చల్లారే చప్పుడు. మీటరు పొడుగు ఇనుప గొట్టం మూడు వందల డిగ్రీలు చల్లారితే మూడున్నర మిల్లీమీటర్ల దాకా కురచైతది. ఆ జరుగుడుకే బిగింపుల దగ్గర టిక్కుమంటది. మెల్లమెల్లగ తగ్గుకుంట పోయి ఆగిపోతది. ఎండల కాగిన టాపు రేకు, డాష్‌బోర్డు ప్లాస్టిక్ రాత్రి చలికి ఠక్కుమంటయి. కింద కారే నీళ్లు తెల్లగ, వాసన లేకుంటే ఏసీవి. రంగున్నా, జిగటగున్నా షెడ్డుకు పోవాలె. చలికాలం పొద్దున మీటర్ల స్ప్రింగ్ గుర్తు లైటు ఆరినంకనే సెల్ఫ్ కొట్టు. స్టార్ట్ అయినంక కొద్దిసేపటికి ఎక్కడో టక్కుమంటది, అది హీటర్ ప్లగ్గుల రిలే. వాన తర్వాత రెండు దినాలు ఆగిన బండి కదలంగనే బర్రుమంటే బ్రేకు డిస్కుల మీద తుప్పు. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే అరిగిపోతది.

అమెరికాల ఉన్న మీ అన్న కూడ ఇసొంటి సంగతే అడిగిండు. ఆపిన అయిదు గంటలకు, నడిరాత్రి కారు వెనక గుయ్యిమంటున్నదట. అక్కడి చాలా పెట్రోల్ కార్లు, ఇంధనపు ఆవిరి ఎక్కడన్న కారుతున్నదా అని ఇంజన్ చల్లారినంక తమను తామే పరీక్ష చేసుకుంటయి. అప్పుడు చిన్న పంపు తిరుగుతది. రేపు నువ్వు ఎలక్ట్రిక్ కారు కొంటే చార్జింగ్ పెట్టినప్పుడు టక్కుమని మీటలు పడుతయి, ఫ్యాను తిరుగుతది. బ్యాటరీని చల్లబరిచే పని అది.

అయితే ఒక గీత గీసుకో. ఆగిపోయే చప్పుడు మంచిది, ఆగని చప్పుడు చెడ్డది. ఫ్యాను అయిదు పది నిమిషాలు తిరిగి ఆగితే మామూలే. అరగంట దాటినా తిరుగుతున్నదంటే రిలే అతుక్కపోయినట్టు. తెల్లారేసరికి బ్యాటరీ ఖతం. నిండు బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తది. 12 కంటె కిందికి దిగితే సెల్ఫ్ కొట్టినప్పుడు కిటకిట తప్ప ఏం రాదు. ఆ కిటకిట వింటే ఇంజన్ పోయిందని ఏడ్వకు, మొదలు బ్యాటరీ టెర్మినళ్లు బిగువుగున్నయా, తెల్లటి పొడి పట్టిందా చూడు.

షెడ్డుకు పోయే ముందు సొంతంగ చేయాల్సిన పనులున్నయి. డిక్కీ ఖాళీ చెయ్యి. జాకీ, పానాలు, ఖాళీ నీళ్ల సీసాలు, స్టీలు టిఫిన్ డబ్బా అన్నీ బయట పెట్టి ఒక రాత్రి చూడు. వేడికి ఉబ్బి, చలికి నొక్కుకునే ప్లాస్టిక్ సీస చేసే టప్పు చప్పుడుకు సీట్లు ఊడదీయించుకున్నోళ్లు ఉన్నరు. అయినా చప్పుడు పోకపోతే ఫోన్ల రికార్డు చెయ్యి. జ్వరమొచ్చిన పిల్లను దవాఖానకు తీసుకపోతే డాక్టర్ అడిగే తీరుగ నీకు నువ్వే అడుగుకొని కాగితం మీద రాయి: ఆపినంక ఎంతసేపటికి మొదలైంది, ఎంతసేపున్నది, ముందటా వెనకా, ఏసీ నడిచిందా, వాన పడ్డదా. ‘ఏదో చప్పుడొస్తంది అన్నా’ అని బండి అప్పజెప్పితే ఎంత మంచి మెకానిక్ అయినా గుడ్డిగనే ఎతుకుతడు. షెడ్డుల వేడి మీద వినపడని చప్పుడైతే రాత్రికి బండి అక్కడ్నే వదిలి, చల్లారినంక వినుమను. ఏదన్న మార్చుదామంటే, మార్చకముందు ‘ఇదే అని ఎట్ల తెలిసింది?’ అని మర్యాదగ అడుగు. పని తెలిసినోడు ఆ మాటకు కోపం చేసుకోడు, చూపిస్తడు. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకో.

ఆడపిల్లవు, ఒక్కదానివి ఉంటున్నవు. అర్ధరాత్రి చప్పుడైందని ఒక్కదానివే తలుపు తీసి బయటికి పోకు. కిటికీల నుంచి లైటు కొట్టి చూడు, పక్కింటోళ్లను లేపు. లేపితే ఏమనుకుంటరో అన్న మొహమాటం పెట్టుకోకు. ఫోన్ చెయ్యాలనిపిస్తే నాకు ఏ జాము అయినా చెయ్యి.

తాళంచెవి పిల్లలకు అందకుండ పెట్టు. బండి ఆపేముందు కింద ఏమున్నదో, సెల్ఫ్ కొట్టేముందు లోపల ఏమున్నదో చూడు. ఈ మూడు పనులకు పైస ఖర్చు లేదు, నిమిషం కూడ పట్టదు. ఇయ్యాల్టి నుంచే మొదలుపెట్టు బిడ్డా. పైలం.

నీ పెద్దబాపు