ఓడినవారి శాంతిబోధ

శాంతి నెవరు కోరరు? గెలిచినవాడు తాను గెలుచుకొన్నది నిలుచుటకై కోరును. ఓడినవాడు తనకు మిగిలినది పోకుండుటకై కోరును. ఇద్దఱి నోటను మాట యొక్కటే. కాబట్టి యొకని శాంతివచనమునకు విలువ కట్టవలెనన్న, అతడా మాట నెప్పుడు పలికెనో, పలికినందున నతనికేమి నష్టము కలిగెనో, మఱల తన చేతికి దండము వచ్చినప్పుడు దానినెంతవఱకు జ్ఞప్తియందుంచుకొనెనో విచారింపవలెను. ఈ విచారమునకు పదునేడవ శతాబ్దమున ఇంగ్లండునందు జరిగిన యంతర్యుద్ధము తగిన తావు. రాజపక్షము నవలంబించిన మతాచార్యులు కొందఱు ఆ కాలమున రచించిన భక్తిగ్రంథములు నేటికిని చదువబడుచున్నవి.

1642లో మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును పోరు మొదలయ్యెను. పార్లమెంటు సమ్మతి లేక పన్నులు విధించుట, స్కాట్లండు ప్రజలపై వారొల్లని ప్రార్థనావిధిని మోపుట మొదలగు కారణములు పెక్కులు గలవు. వానినన్నిటిని ఇచట నేకరువు పెట్టను. రాజపక్షపు ఆచార్యుల సిద్ధాంతమును మాత్రము తెలిసికొనవలసియున్నది. రాజు దైవాభిషిక్తుడనియు, అతనిపై కత్తి యెత్తుట దైవముపై నెత్తుటయే యనియు వారి నమ్మకము. రాజును విష్ణ్వంశగా నెంచిన మన పెద్దల కిది క్రొత్త కాదు. అయితే రాజు అధర్మము నాజ్ఞాపించిన నేమి చేయవలెను? ఆ పని చేయరాదు, రాజు నెదిరింపనురాదు, శిక్షను తలవంచి యనుభవింపవలెను. ఇదియే వారి సమాధానము. ఇట్టి బోధ సింహాసనముల కెంత యనుకూలమో వేఱుగ జెప్పనక్కఱలేదు. కాంటర్బరీ ఆర్చిబిషప్పు విలియం లాడ్ అధికారమున నున్నంతకాలము శిక్ష ననుభవించినవారు ఇతరులు. బోధించినవారి కది తటస్థించుట ఆ యధికారము పోయిన తరువాత.

1645 జనవరిలో లాడ్‌కు శిరశ్ఛేదమైనది. ఆంగ్లికను సంఘపు ప్రార్థనాపుస్తకము నిషేధింపబడెను. ఆ యేటి ఆగష్టులో వెలువడిన శాసనము ఇంటిలోపల సైతము ఆ పుస్తకమును వాడరాదనెను. మొదటి తప్పునకు 5 పౌనులు, రెండవదానికి 10 పౌనులు, మూడవదానికి ఏడాది చెఱ. గృహస్థుడు భార్యాబిడ్డలతో గూర్చుండి తండ్రితాతలు చదివిన ప్రార్థనను చదువుట నేరమైనది. దేవతార్చన గదిలోనికి సర్కారు బంట్రోతు వచ్చి నిలుచుట యెట్లుండునో మన యిండ్లలోని వారూహించుకొనగలరు.

ఇట్టి దినములలో నిజముగా శాంతి కోరినవాని కేమి దక్కునో థామస్ ఫుల్లరు చరిత్రమువలన తెలియును. అతడు లండనునందు సవాయ్ మందిరమున ఉపదేశకుడు. రాజభక్తుడే, కాని నగరము పార్లమెంటుది. 1642 డిసెంబరు 28న, హేరోదు చంపించిన పసిబిడ్డల స్మారకదినమున, శాంతి నెలకొల్పువారిని క్రీస్తు ధన్యులనిన మాటపై ప్రసంగించెను. రాజు సేనయంతయు పాపుల మూకయనియు, ఎదుటి సేనయంతయు పుణ్యాత్ముల గోష్ఠియనియు తలంపవలదని ప్రతిపక్షపు నగరమున నిలిచియే చెప్పెను. సంధికై రాజునకును పార్లమెంటునకును విన్నపములు పంపుడని పురజనులను ప్రోత్సహించెను. మఱుసటి యేట, పార్లమెంటు పక్షమున ప్రమాణము చేయుమని యతనిని నిర్బంధించిరి. మనస్సు పూర్తిగా నొప్పని ప్రమాణము చేయజాలక, ఆక్స్‌ఫర్డునందున్న రాజునొద్దకు పోయెను. అచటనైన ఆదరము లభించెనా? అచటివారికి ఇతని రాజభక్తి చల్లారిన యన్నమువలె దోచెను! లండనులో రాజపక్షపాతి, ఆక్స్‌ఫర్డులో మెత్తనివాడు. ఇరుపక్షముల తప్పులను చెప్పువానికి ఇరుపక్షములందును చోటుండదు.

పిమ్మట నతడు హాప్టన్ సేనాపతి దండునకు ఉపదేశకుడై, దండు పోయిన చోటికెల్ల పోయి, ఆ యా సీమలలోని ప్రసిద్ధపురుషుల వృత్తాంతములను విచారించి సేకరించుచుండెను. యుద్ధము నడుమ నట్టి పని పెట్టుకొనుట నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. 1645లో ఎక్సెటరు నగరమున ‘చెడ్డకాలమున మంచి తలంపులు’ అను చిన్న పొత్తమును ముద్రింపించెను. దానియందు శత్రుదూషణముకంటె ఆత్మపరీక్ష హెచ్చు. దేవుని సన్నిధిని నిలిచి తన సోమరితనమును, తన పరధ్యానమును తానే నిందించుకొనును. 1647లో మఱియొక పొత్తము వెడలినది. దాని పేరు ‘మఱింత చెడ్డకాలమున మంచి తలంపులు’. ఆ పేరుల క్రమమే ఆ యేండ్ల చరిత్రము.

ఫుల్లరుకంటె విఖ్యాతుడు జెరిమీ టెయిలరు. ఇతడు రాజునకు ఉపదేశకుడుగా నుండి, 1645లో వేల్సునందలి కార్డిగన్ కోటయొద్ద పార్లమెంటువారికి చిక్కెను. విడుదలయైన వెనుక గోల్డెన్ గ్రోవ్ అను చోట కార్బరీ ప్రభువు నాశ్రయించి, చేరువనే బడి నడుపుచు కాలము పుచ్చెను. 1649 జనవరి 30న రాజు తల నఱికిరి. మఱుసటి యేట టెయిలరు ‘పవిత్రజీవనము’ ప్రకటించెను. 1650లోనే కార్బరీ ప్రభువు భార్య మరణించెను. 1651లో ‘పవిత్రమరణము’ వెలువడెను. మందిరము పోయినది, బిషప్పు లేడు, పుస్తకము నేరమైనది. ఇక మతమెక్కడ నిలుచును? మనుష్యుడు కాలమును గడపు తీరున, భోజనము చేయు తీరున, దేవుడు తన యెదుట నున్నాడని తలంచుకొని పనిపాటలు చేసికొను తీరున నిలుచునని టెయిలరు గ్రంథము చెప్పును. ఈ లోచూపు ఓటమి పెట్టిన భిక్ష యని నా యభిప్రాయము.

అది యుత్త పుస్తకపు భక్తియు గాదు. 1657 క్రిస్మసునాడు లండనునందొక మందిరమున నిషిద్ధవిధిని ఆరాధన జరుగుచుండగా సిపాయిలు చుట్టుముట్టిరి. టెయిలరును గురువుగా నెన్నుకొన్న జాన్ ఈవెలిన్ ఆ సభలో నుండెను. ప్రసాదము స్వీకరించుటకై ముందునకు పోవువారిపై తుపాకులు గుఱిపెట్టిరని యతడు తన దినచర్యలో వ్రాసియున్నాడు.

టెయిలరు 1647లో ప్రకటించిన గ్రంథ మింకొకటి గలదు. మతవిషయమున భిన్నాభిప్రాయుల నోర్చుకొనవలెననియు, క్రైస్తవమూలవిశ్వాసము నంగీకరించిన వారిని తక్కిన భేదములకై శిక్షింపరాదనియు, బుద్ధి పొరపాటును కత్తి సరిదిద్దజాలదనియు దాని సారము. తరువాతి ముద్రణమున గ్రంథాంతమందొక కథ చేర్చెను. అబ్రహాము తన గుడారమునకు వచ్చిన ముదుసలి బాటసారికి కాళ్లు కడిగి యన్నము పెట్టెను. ఆ వృద్ధుడు దైవప్రార్థన చేయక భుజింపబోగా కారణ మడిగెను. తాను అగ్ని నొక్కదానినే కొలుతునని వృద్ధుడనగా, ఆగ్రహించి రాత్రివేళ నతనిని వెడలగొట్టెను. అంతట దేవుడు అబ్రహామును పిలిచి, నూఱేండ్లు నే నోర్చుకొన్నవానిని నీవొక్క రాత్రి యోర్చుకొనలేవా యని యడిగెను. ఇది యూదుల గ్రంథములలోనిదని టెయిలరు తలంచెను. నిజమున కది పారసీకకవి సాదీ ‘బూస్తాన్’లోనిది. సహనమును బోధించు కథ ముసల్మాను కవి యింటనుండి ఆంగ్లికను ఆచార్యుని యింటికి పేరు మార్చుకొని పోయినది!

1660లో రాచఱికము మఱల వచ్చెను. 1661లో టెయిలరు ఐర్లండునందు డౌన్, కానర్ మండలములకు బిషప్పయ్యెను. అచటి ప్రెస్బిటీరియను ఉపదేశకులు బిషప్పుల యధికారము దైవసమ్మతము కాదనువారు. ఇతని పెద్దఱికము నొప్పుకొనరైరి. టెయిలరు వారి పీఠములను 36 ఖాళీగా నున్నవని ప్రకటించెను. వారు కొలువులు కోల్పోయి, ఇండ్లలోను కొట్టములలోను చాటుగా బోధించుకొనవలసినవారైరి.

ఇతనిని కపటి యని త్రోసివేయుట సులభము; నేనట్లనజాలను. కపటియైన నీ ప్రశ్న యింతగా బాధింపదు. 1647 నాటి గ్రంథమును మఱల చూడుడు: ప్రభుత్వమును చెఱచు బోధల నోర్చుకొననక్కఱలేదని యందే మినహాయింపు గలదు. వ్రాసిననాడు చిన్న గడియవలె గనబడిన యా వాక్యము, అధికారము వచ్చిన వెనుక తలుపంతయైనది. వారి బోధను అభిప్రాయమని యెంచినచో టెయిలరు ఓర్చుకొనవలసి యుండును. అవిధేయత యని యెంచినందున నోర్చుకొనలేదు. టెయిలరు ప్రార్థనాపుస్తకమును పార్లమెంటువా రెంచినదియు నిట్లే. ఎవని మనస్సాక్షి యెప్పుడు రాజద్రోహమగునో నిర్ణయించువాడు గెలిచినవాడే. వారి రాజభక్తిసిద్ధాంతమున బాధ ననుభవించుటకు ధర్మము చెప్పబడినది. బాధ పెట్టు చేతికి చెప్పబడలేదు.

ఫుల్లరు 1661లోనే మరణించుటచే అతని కీ పరీక్ష తప్పినది. టెయిలరు మాత్ర మా మండలమున సుఖపడలేదు. ఇట్టివారిపై బిషప్పుగా నుండుటకంటె పల్లెలో బీద యుపదేశకుడుగా నుండుట మేలని, తన్నచటినుండి తప్పింపుమని అధికారులకు వ్రాసికొనెను. తప్పింపలేదు. 1667లో నచటనే మరణించెను.