ఆగిపోయిన చేయి

పలాసలో జీడిపప్పు పొట్టు తీస్తున్న ఒకామెను ఊహించుకోండి. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టుంటుంది. ఎవరికీ రాని మాడు వాసన ఆమెకొక్కదానికే వస్తుంది. చేయి ఆగిపోతుంది, చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తూ, కొంగును వేళ్లతో నలుపుతూ ఉంటుంది. పిలిస్తే పలకదు. నిమిషమో, రెండో. తేరుకున్నాక "ఏటైంది?" అంటుంది.

గాలి సోకిందంటారు చుట్టూ ఉన్నవాళ్లు. కాదమ్మా, ఇదీ మూర్ఛే. కణతల లోపలుండే మెదడు భాగం పేరు టెంపోరల్ లోబ్. జ్ఞాపకం, వాసన, భయం అన్నీ దానితో ముడిపడినవే. అక్కడి కణాల్లో విద్యుత్తు అదుపు తప్పితే ఇలా అవుతుంది. కింద పడి కొట్టుకుంటేనే మూర్ఛ అనుకుంటాం కాబట్టి, ఏళ్లు గడిచినా దీన్ని గుర్తుపట్టం. అదే నా బాధ.

అలాంటప్పుడు చేతిలో తాళాలు పెట్టొద్దు, గట్టిగా పట్టి ఆపొద్దు. కత్తి, పొయ్యి దగ్గర లేకుండా చూసి, తోడుండండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

కిడ్నీ జబ్బులతో బాధపడే ఉద్దానం వాళ్లకు మరో ముఖ్యమైన మాట. మూర్ఛకు ఎక్కువగా రాసే లెవెటిరాసెటామ్ మందు చాలావరకు మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు దాని మోతాదు తగ్గించాలి. అలాగని మీరే ఆపేయొద్దు, ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ తిరగబెట్టొచ్చు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు క్రియాటినిన్ రిపోర్టు సంచిలో పెట్టుకోండి. ఈసారి చేయి ఆగినప్పుడు పక్కనున్నవాళ్లు ఫోన్లో వీడియో తీసి ఉంచితే, అదీ చూపించండి.