విడిచిన బట్ట, మిగిలిన అనుశయం

ధర్మశాస్త్రాలు రాజసభకు రాదగిన తగవులను పద్దెనిమిది తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి వ్యవహారపదమని పేరు పెట్టాయి. అప్పు తీర్చకపోవడం, దాచమని ఇచ్చిన సొమ్మును ఎగవేయడం, పొలం గట్టును జరపడం వంటి తగవులకు జరిగిన పనిని బట్టి పేర్లు రాగా, సరుకు చేతులు మారిన తర్వాత పుట్టే తగవుకు మాత్రం మనసులో కలిగే భావమే పేరయింది. మనుస్మృతి దానిని క్రయవిక్రయానుశయమన్నది. నారదస్మృతి కొన్నవాడి వైపు నుంచి చూసి క్రీతానుశయమన్నది. అనుశయమంటే చేసిన పనిని తలచుకొని తర్వాత పడే బాధ, పశ్చాత్తాపం. ఇదే మాటకు వేదాంతంలో మరో అర్థం ఉంది. స్వర్గభోగం ముగిసిన జీవుడు అనుశయంతోనే కిందికి దిగివస్తాడని బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం చెబుతుంది; అక్కడ అనుశయమంటే అనుభవించగా మిగిలిన కర్మశేషం. ఆ సూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు, నూనె ఒంపేసిన కుండకు అంటుకొని ఉండే జిడ్డు ఉపమానాన్ని చర్చకు తీసుకున్నారు. బౌద్ధుల పాళీ గ్రంథాలలోనూ ఈ మాట మనసు అడుగున అణగి ఉండే క్లేశాలను చెబుతుంది. కొన్నవారి పశ్చాత్తాపం, వాడినవారి శేషం అనే ఈ రెండు అర్థాలూ ఒక్కచోట కలిసే సరుకు కట్టి విడిచిన బట్ట. దానిని ఆన్‌లైన్‌లో అమ్మినప్పుడు వచ్చే ఫిర్యాదు, డబ్బు వాపసు తగవు చిన్న విషయాలుగా కనిపించినా, సత్యం గురించి, దోషం గురించి వేసుకోదగిన గట్టి ప్రశ్నలను అవి తమలో దాచుకున్నాయి.

ఒకటి రెండు పెళ్ళిళ్ళకు కట్టి బీరువాలో పెట్టిన కంచి, గద్వాల, ధర్మవరం పట్టుచీరలు నేడు ప్రీలవ్డ్ అనే కొత్త పేరుతో ఇన్‌స్టాగ్రామ్ పేజీలలో, వాట్సాప్ గ్రూపులలో అమ్ముడుపోతున్నాయి. చీర చేరాక వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఒకే తీరున ఉంటాయి: జరీ నల్లబడిందని, ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉండడం వల్ల మడత దగ్గర పట్టు చిట్లిందని, చంక దగ్గర రవికెకు చెమట మరక ఉందని, ఫొటోలో కనిపించిన రంగు ఇది కాదని. వాడిన చీర అని ముందే చెప్పామని, రిటర్న్ ఉండదని రాశామని, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన ఓపెనింగ్ వీడియో లేకపోతే ఫిర్యాదు చెల్లదని అమ్మినవారు జవాబిస్తారు. ఈ వాదప్రతివాదాల అడుగున ఉన్న అసలు ప్రశ్న ఇది: వాడకమే స్వభావంగా గల వస్తువులో వాడకపు గుర్తును దోషమనవచ్చునా, అనవచ్చునంటే ఏ గుర్తు దోషం, ఏది కాదు?

ఈ ప్రశ్న స్మృతికారులకు కొత్తది కాదు. ఇతరులు ధరించిన బట్టను, చెప్పులను, దండను ధరించవద్దని మనువు శౌచదృష్టితో నిషేధించాడు. గౌతమ ధర్మసూత్రం అదే నిషేధాన్ని చెబుతూనే, శక్తి లేనివారు ఉతికినదాన్ని కట్టుకోవచ్చునని వెసులుబాటు ఇచ్చింది. పేదవాడి ఒంటికి బట్ట కావాలన్న ఎరుక ఆ చిన్న మినహాయింపులో ఉంది, అది గౌరవించదగినది. శౌచవిచారం ఎలా ఉన్నా సంతలో వాడిన బట్ట అమ్ముడుపోతూనే ఉండేదనడానికి నారదస్మృతి సాక్ష్యం. కట్టి నలిగి, మాసి ఉన్న బట్టను కొన్నవాడు, అందులో దోషం ఉన్నా సరే, దానిని అమ్మినవాడికి తిరిగి ఇవ్వడానికి లేదని క్రీతానుశయ ప్రకరణం స్పష్టంగా చెబుతుంది. నేటి అమ్మకందారు పెట్టే రిటర్న్ లేదనే షరతుకు ఇది ప్రాచీనమైన ఆధారం.

అయితే ఈ నియమాన్ని దాని చోటు నుంచి విడదీసి చదవకూడదు. దానికి ముందే నారదుడు మరో మాట చెప్పాడు: కొనేవాడు సరుకును మొదట తానే పరీక్షించాలి, గుణదోషాలు చూసుకొని నచ్చి కొన్నదే తిరిగి ఇవ్వరానిది అవుతుంది. అంటే వాపసు హక్కు పోయేది బట్ట పాతదైనందువల్ల కాదు, దాని పాతదనాన్ని కొన్నవాడు చేతితో పట్టి చూసి ఒప్పుకున్నందువల్ల. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే బేరం తెలుగు ఊళ్ళలో ఎన్నో గుమ్మాల ముందు సాగింది. అక్కడ బట్టను పూర్తిగా విప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి, చిరుగును వేలితో చూపి, చెంబు బదులు గిన్నె చాలునని బేరమాడేవారు. దోషం ఇద్దరి కళ్ళ ముందూ ఉన్నందువల్ల ఆ బేరంలో అనుశయానికి చోటు తక్కువ. ఫోను తెర మీద కొన్నవారికి ఆ చేయి లేదు. బట్టను ఎరిగేది ప్రధానంగా చేయి, ఆ తర్వాతే కన్ను. పోగు పలచబడిందా, పట్టు పెళుసెక్కిందా అనేది ఫొటో చెప్పలేదు.

మనువు అమ్మదగని సరుకులను చెబుతూ కల్తీ అయినదానితో, సారం లేనిదానితో, తూకం తగ్గినదానితో పాటు దూరంగా ఉన్నదాన్ని, మరుగుపరచినదాన్ని కూడా చేర్చాడు. దూరం తనంతట తాను పాపం కాదు. కాని దూరంలో ఉన్న సరుకు కొనేవాడి పరీక్షకు అందదు కనుక దాచిన సరుకుతో సమానమవుతుందన్నది ఆ నిషేధంలోని తర్కంగా తోస్తుంది. ఇస్లాం సంప్రదాయంలో ఈ భావాన్నే చూపే ప్రసిద్ధమైన హదీసు ఉంది. ప్రవక్త బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పినప్పుడు, తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగాడు. అమ్మకానికి పెట్టిన చీర ఫొటో రాశి పైభాగం వంటిది. లోపలికి చేయి పెట్టే వీలు కొనేవారికి లేనప్పుడు ఆ పని అమ్మేవారి మీద పడుతుంది. వర్ణనలో రాసే ప్రతి వాక్యమూ కొనేవారి చేతికి బదులుగా పనిచేయాలి. కనుక చేతికి ఇవ్వకుండా అమ్మి, చేతితో చూసి కొన్నవాడికి వర్తించే నియమాన్ని ఎదుటివారి మీద ప్రయోగించడం నారదుని మాటను సగం మాత్రమే వాడుకోవడం.

మౌనం అబద్ధమవుతుందా అనే ప్రశ్న ఇక్కడ తప్పదు. మరక గురించి అడగలేదు కనుక చెప్పలేదని అమ్మినవారు అన్నప్పుడు, వారు అబద్ధమాడలేదనడం నిజమే. రోమన్ రచయిత సిసిరో క్రీస్తుపూర్వం 44లో కర్తవ్యాల గురించి రాసిన గ్రంథపు మూడో భాగంలో ఇదే చిక్కును చర్చించాడు. కరవుతో ఉన్న రోడ్స్ ద్వీపానికి ధాన్యం తెచ్చిన వర్తకుడికి వెనుక మరిన్ని ఓడలు వస్తున్నాయని తెలుసు. ఆ సంగతి చెప్పి తక్కువ ధరకు అమ్మాలా, ఊరకుండి ఎక్కువ ధర పొందాలా? చట్టం చెప్పమన్న దోషాలు చెబితే చాలునని స్టోయిక్ తత్త్వవేత్త డయోజెనిస్, తనకు తెలిసింది కొనేవాడికీ తెలియాలని ఆయన శిష్యుడు ఆంటిపేటర్ వాదించినట్లు చూపి, సిసిరో శిష్యుడి పక్షమే వహించాడు. వాడిన బట్ట విషయంలో ఆంటిపేటర్ వాదం మరింత బలపడుతుంది. ఓడల కబురు బయటి లోకానిది, మరో నావికుడి ద్వారా ఊరికి తెలియవచ్చు. చీర ఎక్కడ నలిగిందో, ఏ విందులో ఏ మరక పడిందో, ఎన్నిసార్లు ఉతికించారో కట్టినవారికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఒక్కరికే తెలిసిన నిజాన్ని అడిగితేనే చెబుతామనడం, తాళంచెవి తన దగ్గరే ఉంచుకొని తలుపు తీసుకోలేదని ఎదుటివారిని నిందించడమే.

స్మృతులు ఈ విషయంలో మెత్తగా లేవు. దోషం లేనిదాన్ని చూపి దోషం ఉన్నదాన్ని ఇచ్చినవాడు వెలకు రెట్టింపు కొన్నవాడికి, అంతే మొత్తం దండుగను రాజుకు కట్టాలని నారదుడు విధించాడు. తెలిసి అమ్మినవాడికే ఆ రెట్టింపు భారమని మరో స్మృతికారుడు బృహస్పతి వచనం సూచిస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు తీసిన ఫొటోను పెట్టి ఐదేళ్ళు కట్టిన చీరను పంపడం, నారదుడు చెప్పిన అపరాధానికి అక్షరాలా సరిపోతుంది. జైన తత్త్వార్థసూత్రం గృహస్థుడి అస్తేయవ్రతానికి, అంటే దొంగిలించననే వ్రతానికి, కలిగే లోపాలైన అతిచారాలలో ప్రతిరూపక వ్యవహారాన్ని లెక్కించింది; అసలును పోలిన నకిలీని అసలుగా చలామణి చేయడం అని దాని అర్థం. ఫిల్టరు వేసి వెలుగు పెంచిన ఫొటో చీరకు ప్రతిరూపమే. ప్రతిరూపక వ్యవహారాన్ని అబద్ధమని కాక దొంగతనపు కోవలో చేర్చడంలోని సూక్ష్మత మెచ్చుకోదగినది, ఎందుకంటే అక్కడ పోయేది మాట మీద నమ్మకం ఒక్కటే కాదు, ఎదుటివారి కష్టార్జితం కూడా.

ఇంతమాత్రాన కొన్నవారి ప్రతి అనుశయమూ న్యాయమైనది కాదు. రాత్రి పూట తెర మీద ముచ్చటపడి కొని, పొద్దున్నే ఇంత పెట్టవలసింది కాదని బాధపడడం మనసుకు చెందిన అనుశయం. చీరలో దానికి కారణం లేదు. విశేషమేమంటే స్మృతులు ఈ రకం బాధను కూడా తోసిపుచ్చలేదు, దానికి గడువునూ వెలనూ నిర్ణయించాయి. మనువు కొన్నవాడికీ అమ్మినవాడికీ కూడా పది రోజులు ఇచ్చాడు. నారదుడు చెడ్డ బేరమని తోచిన సరుకును ఆ రోజే, ఏ మాత్రం చెడకుండా తిరిగి ఇవ్వమన్నాడు. రెండో రోజు ఇస్తే వెలలో ముప్పయ్యో వంతు, మూడో రోజైతే దానికి రెట్టింపు వదులుకోవాలి, ఆపైన సరుకు కొన్నవాడిదే. ఇంకో స్మృతికారుడు యాజ్ఞవల్క్యుడు పరీక్షాకాలాలను సరుకును బట్టి మార్చాడు. ఇనుముకు ఒక రోజు, పాడిపశువుకు మూడు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది. ఏ వస్తువు తన దోషాన్ని ఎన్నాళ్ళకు బయటపెడుతుందో ఆలోచించి వేసిన లెక్క అది. విత్తనం మొలకెత్తితే గాని మాట్లాడదు. ఆ జాబితాలో బట్ట లేదు. పగటి వెలుతురులో విప్పి చూస్తే ఆ పూటే సంగతి తేలుతుంది కనుక దానికి ప్రత్యేకంగా గడువు అక్కరలేదని భావించడం సమంజసం. నేటి పాతబట్టల వేదికలు కూడా ఈ లెక్కకు దగ్గరగానే వచ్చాయి: లిథువేనియాలో పుట్టిన వింటెడ్ సరుకు చేరాక రెండు రోజులు, అమెరికాకు చెందిన పోష్‌మార్క్ మూడు రోజులు ఫిర్యాదుకు ఇస్తాయి.

చెడకుండా అన్న నారదుని షరతు మీద కొంత ఆగాలి. పెళ్ళికి కట్టుకొని, ఫొటోలు దిగి, మర్నాడు రంగు నచ్చలేదని తిరిగి పంపేవారు ఉన్నారు. అలా పంపిన చీర వెళ్ళినప్పటి చీర కాదు. అందులో ఇప్పుడు ఇద్దరి శేషం ఉంది, ఒకరి వాడకానికే వెల నిర్ణయమై ఉంది. అమ్మేవారి మౌనంలో ఉన్న దొంగతనమే ఇందులోనూ ఉంది, చేతులు మాత్రమే మారాయి. ఓపెనింగ్ వీడియో షరతు ఈ భయంలోంచే పుట్టింది. అది నమ్మకానికి బదులు సాక్ష్యాన్ని నిలబెడుతుంది కనుక కొంత బాధ కలిగిస్తుంది, కాని ఇద్దరూ ఒకరినొకరు ఎరగని అంగడిలో దానిని తప్పుపట్టలేము. వీడియో తీయలేదన్న ఒక్క కారణంతో కళ్ళెదుట కనిపించే చిరుగును కాదనడం మాత్రం తప్పే.

ఇద్దరిలో ఎవరికీ తెలియకుండా దోషం దాగి ఉన్న సందర్భం అన్నిటికంటే చిక్కైనది. మడతలో చిట్లిన పట్టు అమ్మినవారి కంటపడకపోయి ఉండవచ్చు. అక్కడ దండన మాట లేదు, వెల సర్దుబాటు మాత్రమే ఉంది. దానికీ నారదుడు కొలత ఇచ్చాడు. ఒకసారి ఉతికిన బట్ట వెలలో ఎనిమిదో వంతు, రెండుసార్లు ఉతికితే నాలుగో వంతు, మూడుసార్లకు మూడో వంతు, నాలుగుసార్లకు సగం తగ్గుతుందన్నాడు. 8,000 రూపాయల చీర ఆ లెక్కన మొదటి ఉతుకుకు 7,000, రెండోదానికి 6,000, మూడోదానికి సుమారు 5,333, నాలుగోదానికి 4,000 అవుతుంది. ఆ తర్వాత అంచు పోగులు ఊడేవరకు తరుగుదల క్రమంగా సాగుతుంది. పూర్తిగా జీర్ణమైన బట్టకు తరుగు నియమమే లేదు. గీతలో ఆత్మ విడిచే దేహానికి ఉపమానమైన బట్ట కూడా జీర్ణమైనదే. చిట్లిన మడతను కొన్నవారు భరించగలిగితే చీర ఉంచుకొని కొంత వెల తిరిగి పొందడం, భరించలేకపోతే చీరను పంపి మొత్తం వెల పొందడం, కొరియర్ ఖర్చును చెరిసగం పంచుకోవడం ఈ దృష్టితో న్యాయమనిపిస్తుంది. ఇద్దరిదీ తప్పు కానప్పుడు నష్టం ఒక్కరి మీదే పడకూడదు.

ఈ విచారం తెలుగుకు దూరమైనది కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. నేటి చట్టం కూడా చాలాదూరం నడిచింది: 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మకందారు అనరాదు, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. అయితే వ్యాపారంగా కాక సొంతానికి, అప్పుడప్పుడు అమ్ముకునే వ్యక్తులకు ఆ నియమాలు వర్తించవు. తన పెళ్ళిచీరను అమ్ముకునే గృహిణి ఆ మినహాయింపులో ఉంటుంది. చట్టం అడుగుపెట్టని ఆ చోట అమ్మేవారి అంతఃకరణమే మధ్యవర్తి.

చీరను అమ్మకానికి పెట్టేవారు కొంగు ఫొటో కంటే ముందు మరక ఫొటో పెట్టాలి; ఎన్నిసార్లు కట్టారో, ఎన్నిసార్లు ఉతికించారో ధర పక్కనే రాయాలి. కొన్నవారు పార్సిల్ అందిన రోజే, పగటి వెలుతురులో, కట్టుకోకముందే చీర మడతలన్నీ విప్పి చూసి, చెప్పవలసింది ఏదైనా ఉంటే ఆ రోజే చెప్పాలి.